ఇక్కడ ఏం కొనుక్కోవాలమ్మా?

ఈ మాట అడిగింది మావాడు. వయసు నాలుగున్నర. అడిగిన చోటు ఖాజాగూడ రాళ్ళగుట్ట. టైము ఆదివారం పొద్దున్న ఏడుంబావు. చుట్టూ ఏనుగులంత బండరాళ్ళు ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపట్లోనో దొర్లిపోతాయా అన్నట్టు నిలబడి ఉన్నాయి. దూరంగా ఆఫీసు బిల్డింగుల అద్దాలు మెరుస్తున్నాయి. మావాడు పది నిమిషాలు అటూ ఇటూ చూశాడు. షాపు లేదు, కౌంటరు లేదు, బెలూన్లు కట్టిన గేటు లేదు. "అమ్మా, ఇక్కడ ఏం కొనుక్కోవాలి?" అన్నాడు. అల్లరిగా కాదు, గారంగానూ కాదు. తెలియని ఊళ్ళో దారి అడిగినట్టు, నిజంగా తెలుసుకుందామని అడిగాడు.

మా ఆయన పకపకా నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న వాడికి నేర్పింది ఎవరో నాకు తెలుసు. నేనే. వాడికి నడక వచ్చిన దగ్గర్నుంచీ ఆదివారం అంటే మాల్. పార్కింగ్, ఎస్కలేటరు, ప్లే జోను, ఫుడ్ కోర్టు, వెనక్కి వచ్చేటప్పుడు ఒక బొమ్మ. ఇంటి నుంచి బయటికి వెళ్ళడం అంటే ఏదో ఒకటి కొనడం అని వాడు అర్థం చేసుకున్నాడంటే తప్పు వాడిది కాదు. వాడు చూసిన డేటా అంతా అదే మరి.

కాబట్టి నేను చెప్పదల్చుకున్నది సూటిగా చెప్పేస్తాను. మన ఐటీ వాళ్ళం ఆదివారం పిల్లల్ని మాల్‌కి తీసుకెళ్ళడం వాళ్ళ కోసం కాదు, మన బద్ధకం కోసం. దానికి "పిల్లలు ఎంజాయ్ చేస్తారు" అని పేరు పెట్టుకుంటున్నాం. తిట్టదల్చుకున్నవాళ్ళు తిట్టొచ్చు గానీ, కాస్త చివరిదాకా చదివి తిట్టండి.

ముందు నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్ళు నేను పనిచేసింది ఒక రిటైల్ క్లయింటు ప్రాజెక్టులో. ప్రీపెయిడ్ కార్డుల మాడ్యూలు. ప్లే జోనుల్లో ఇస్తారే, డబ్బులు వేయించుకుని గీకే కార్డు, అదే జాతి. అందులో ఒక లెక్క ఉంటుంది. కార్డులో కనీసం ఇంత వేయించుకోవాలి, ఒక్కో ఆటకి ఇంత అని రెండు అంకెలూ ఒకదానికొకటి భాగించబడకుండా పెడతారు. చివర్లో ఎప్పుడూ ఏదో కొంచెం మిగులుతుంది. ఆ మిగిలినదానితో ఇంకో ఆట రాదు, ఇంకాస్త వేయిస్తేనే వస్తుంది. వేయించకుండా వదిలేసిన చిల్లరంతా కంపెనీదే. ఈ వ్యాపారంలో దాన్ని 'బ్రేకేజ్' అంటారు, దాని మీద రిపోర్టులు కూడా ఉంటాయి. ఆ రిపోర్టు స్క్రీన్ ఒకటి నేను రాశాను. గ్రాఫు పైకి వెళ్తే క్లయింటు సంతోషం, మాకు మెచ్చుకుంటూ ఒక మెయిలు. ఐదేళ్ళ తర్వాత నా కొడుకు ఆ కార్డు పట్టుకుని "అమ్మా, ఇంకొక్కటే ఇంకొక్కటే" అని నేల మీద పడి ఏడుస్తుంటే, ఆ గ్రాఫులో ఒక చుక్క మావాడే కదా అనిపించింది. (నా కోడు కొంచెం బగ్గులతో రాసి ఉంటే బాగుండేదేమో :) )

మాల్ అంటే నాకు ద్వేషం ఏమీ లేదు. బట్టలు కొనుక్కోవాలంటే వెళ్తాను. నా గొడవ అల్లా దాన్ని 'చోటు' అనుకోవడంతో. అది చోటు కాదు, ఫ్లో చార్టు. ఎస్కలేటరు ఎక్కితే వెంటనే పక్కనే దిగేది దొరకదు, చుట్టూ తిరిగి షాపుల ముందు నుంచి వెళ్ళాలి. కిటికీ ఉండదు, పొద్దు తెలియదు. కూర్చోడానికి బల్ల దొరకాలంటే కాఫీ కొనాలి. అందులో నాలుగేళ్ళ పిల్లాడు చెయ్యగలిగిన పని ఒక్కటే, వేలు పెట్టి చూపించి అడగడం. మనం ఒప్పుకుంటే ఆదివారం బాగా గడిచినట్టు, ఒప్పుకోకపోతే ఏడుపు.

"అయితే ఈ ఊళ్ళో ఇంకేముందండీ?" అని మా టీం లీడ్ అడిగాడు. పదమూడేళ్ళుగా హైదరాబాదులో ఉన్న మనిషి. చార్మినార్, గోల్కొండ, జూ... "అన్నీ ఒకసారి చూసేశాం కదా" అన్నాడు. చెక్‌లిస్టు అయిపోయింది అన్నమాట. టికెట్ క్లోజ్!

సరే, మేం ఏం చేశామో చెప్తాను. గొప్ప కోసం కాదు, ఎంత తేలికో తెలియాలని.

మొదటిది రైలు. ఉత్త రైలు. మేముండేది చందానగర్ దగ్గర. లింగంపల్లిలో ఎమ్ఎమ్‌టీఎస్ ఎక్కి సికింద్రాబాద్ వెళ్ళి, ప్లాట్‌ఫాం మీద ఇడ్లీ తిని, మళ్ళీ రైల్లో వెనక్కి. అంతే ప్రోగ్రాము. ఈ రైళ్ళు 2003లో మొదలయ్యాయి, నేను ఈ ఊరొచ్చి ఎనిమిదేళ్ళయింది, ఒక్కసారి కూడా ఎక్కలేదు. కారుంది కదా! అయిదేళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు, మా ఇద్దరి టికెట్లకీ అయిన డబ్బుకి మాల్‌లో మంచినీళ్ళ సీసా రాదు. మావాడికి అప్పుడే అక్షరాలు కూడుకోవడం వస్తోంది. ప్రతి స్టేషను బోర్డూ ఒక పరీక్ష. హఫీజ్‌పేట దగ్గర తడబడ్డాడు. "బో-ర-బం-డ" అని ఒక్కడే చదివేసి చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారా అని. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దాయన విన్నాడు, చప్పట్లు కొట్టాడు. నేచర్ క్యూర్ హాస్పిటల్ అని ఒక స్టేషనుకి పేరుందని తెలిసి "అయితే రైలుకి ఇంజెక్షన్ ఇస్తారా?" అన్నాడు. ఆ రోజంతా వాడు ఏదీ కొనమని అడగలేదు. అమ్మేవాళ్ళు లేక కాదు, రైల్లో పల్లీలూ జామకాయలూ వచ్చాయి. అడగడానికి తీరిక దొరకలేదు.

(ఒక మాట. ఆదివారం వెళ్ళేవాళ్ళు రైళ్ళ టైములు ముందే చూసుకోండి. మేము చూసుకోకుండా వెళ్ళి స్టేషన్లో గంటసేపు కూర్చున్నాం. ఆ గంటలో మావాడు గూడ్సు బండి పెట్టెలు లెక్కపెట్టాడు. నలభై దాకా వచ్చి, తర్వాత 'నలభై పది' అన్నాడు.)

రెండోది సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం. మ్యూజియం కాదు, గడియారం మాత్రమే. ఇది ముఖ్యం. పిల్లాణ్ణి తీసుకెళ్ళి గదులన్నీ తిప్పితే మూడో గదిలో ఎత్తుకోమంటాడు, ఆరో గదిలో మనకే కాళ్ళు పీకుతాయి. మేము పదకొండున్నరకి వెళ్ళి తిన్నగా గడియారం ముందు కూర్చున్నాం. కుక్ అండ్ కెల్వీ వాళ్ళ గడియారం అది. లోపల ఒక కమ్మరి బొమ్మ సెకను సెకనుకీ సుత్తితో కొడుతూ ఉంటాడు. గంట అయ్యేసరికి గడ్డం తాత ఒకడు తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొట్టి లోపలికి వెళ్ళిపోతాడు. పన్నెండుకి పన్నెండు దెబ్బలు కాబట్టి అప్పుడే జనం ఎక్కువ. వందలమంది, బురఖాలవాళ్ళు, పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, స్కూలు యూనిఫాం పిల్లలు, అందరూ ఒక చిన్న బొమ్మ కోసం నోరు మూసుకుని కూర్చున్నారు. పన్నెండో దెబ్బ పడగానే అందరూ ఒక్కసారి నవ్వారు. మావాడు అడిగిన ప్రశ్న: "తలుపేసుకున్నాక లోపల తాత ఏం చేస్తాడు?" ఇప్పటికి మూడు నెలలయింది, రోజూ రాత్రి ఆ తాతకి ఇంట్లో ఒక కథ తయారు చెయ్యాల్సి వస్తోంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఆదివారం ఉంటుంది.

అక్కణ్ణుంచి నయాపుల్ దాటితే అఫ్జల్‌గంజ్, ఉస్మానియా ఆసుపత్రి. ఆ ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరదొచ్చి వేలమంది పోయిన రోజు, సుమారు 150 మంది ఆ చెట్టెక్కి బతికారు. మావాడికి మూసీ చూపించి, చెట్టు చూపించి, నీళ్ళు అక్కణ్ణుంచి ఇక్కడిదాకా వచ్చాయిరా అంటే నమ్మలేదు. "ఈ నల్ల కాలవా?" అన్నాడు. వాణ్ణి ఎలా తప్పు పట్టను? నది అని చెప్పడానికి నాకే సిగ్గేసింది. ఆ వరద తర్వాతే నిజాం సర్కారు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది, ఎగువన చెరువులు కట్టమని ఆయన చెప్పారు, గండిపేట 1920కి, హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే ఊరికి తాగునీరు కూడా ఇచ్చాయి. మనం రోజూ డిజాస్టర్ రికవరీ అని స్లైడ్లు వేస్తుంటాం కదా, అసలు సిసలు డిజాస్టర్ రికవరీ ఆఫీసుకి అరగంట దూరంలో కట్టమీద నిలబడి చూడొచ్చు. తర్వాతి వారం అక్కడికే వెళ్ళాం. కుళాయి తిప్పినప్పుడల్లా "ఇవి గండిపేట నీళ్ళా?" అని అడుగుతున్నాడిప్పుడు. కాదురా, ఇప్పుడు ఊరికి ఎక్కువ నీళ్ళు కృష్ణ నుంచీ గోదావరి నుంచీ పైపుల్లో వస్తాయి అని చెప్పాల్సి వచ్చింది. అది చెప్పాలంటే ముందు నేను తెలుసుకోవాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ళు తాగాను ఆ నీళ్ళు!

ఇక అభ్యంతరాలు. ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర వచ్చినవన్నీ నాకు కంఠతా వచ్చు.

ఎండ, దుమ్ము. నిజమే. ఏడింటికి బయల్దేరి పదిన్నరకి ఇంటికొచ్చేస్తే ఎండ ఉండదు. "ఆదివారం కూడా ఏడింటికి లేవాలా!" అంటారా, అదీ అసలు సంగతి. ఎండ పేరు చెప్పి నిద్ర. మే నెలలో మాత్రం ఏం చేసినా కుదరదు, మేము కూడా రెండుసార్లు మాల్‌కే వెళ్ళాం, ఒప్పుకుంటున్నాను.

పిల్లాడికి ఏం అర్థమవుతుంది? ఏమీ అర్థం కాకపోవచ్చు. ఖాజాగూడ రాళ్ళ వయసు 250 కోట్ల ఏళ్ళు అని చెప్తే "తాతయ్య కంటే పెద్దవా?" అన్నాడు. అంతవరకే అందింది. కానీ ఆ రాళ్ళని ఎవరూ తెచ్చి పేర్చలేదు, ఒకే పెద్ద బండ పగుళ్ళ వెంట వానకీ ఎండకీ అరిగి అరిగి ఉల్లిపాయ పొరల్లా ఊడి గుండ్రాళ్ళయింది అని నేను ఒక పెచ్చు ఊడదీసి చేతిలో పెడితే, అది జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. కొనుక్కోకుండా తెచ్చుకున్న మొదటి వస్తువు అది. ఇంకో పదేళ్ళకి ఆ గుట్టలో ఎంత మిగులుతుందో తెలియదు. మా అపార్టుమెంటు పునాది కూడా ఇలాంటి రాయి పేల్చి వేసిందే కాబట్టి ఆ విషయంలో నేను గొంతు పెంచలేను.

సేఫ్టీ. మాల్‌లో సెక్యూరిటీ ఉంటాడు, బయట ఎవరుంటారు? బయట మనం ఉండాలండీ. మాల్‌లో పిల్లాణ్ణి ప్లే జోనులో పడేసి మనం ఫోను చూసుకోవచ్చు. గుట్ట మీద అలా కుదరదు, కళ్ళు వాడి మీదే ఉండాలి. చాలామందికి అసలు ఇబ్బంది ఇదేనని నా అనుమానం. నాకూ అదే ఇబ్బంది. వారమంతా స్టాండప్పులూ రిలీజులూ అయ్యాక ఆదివారం మూడు గంటలు ఒక చిన్న మనిషికి పూర్తిగా అప్పగించాలంటే ఒళ్ళు బరువే.

బాత్రూము. ఇదిగో, ఇక్కడ నేను చేతులెత్తేస్తాను. ఈ అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు, కోపం మాత్రమే ఉంది. ఆడదాన్ని, చిన్నపిల్లాడితో ఉన్నదాన్ని, ఈ ఊళ్ళో చెరువు గట్టు మీదో గుట్ట దగ్గరో శుభ్రమైన బాత్రూము దొరకదు. దొరికినా తాళం వేసి ఉంటుంది, లేదా నీళ్ళుండవు. మా ఆయనకి ఈ సమస్య ఉందని కూడా తట్టలేదు, పాపం మగవాళ్ళకి ఊరంతా గోడలే కదా! చాలామంది తల్లులు మాల్‌కి ఎందుకు ఓటేస్తారంటే రంగుల లైట్లు చూసి కాదు, మూడో అంతస్తులో తడిలేని నేల ఉన్న బాత్రూము చూసి. నడవడానికి ఫుట్‌పాతూ, కూర్చోడానికి నీడా, వెళ్ళడానికి బాత్రూమూ లేకుండా చేసి, ఆ మూడూ డబ్బులిచ్చి లోపలికొచ్చినవాడికే దొరుకుతాయి అంటే, జనం లోపలికే వెళ్తారు. ఇందులో మన వంతు కూడా ఉంది. మన కమ్యూనిటీ గోడ లోపల అన్నీ ఉన్నాయి కాబట్టి బయట లేవని మనం ఎప్పుడూ అడగలేదు. మెయింటెనెన్స్ బిల్లు రెండొందలు పెరిగితే వాట్సాప్‌లో యుద్ధం చేస్తాం గానీ, చెరువు గట్టు మీద దీపం లేదని ఒక్క అర్జీ పెట్టినవాళ్ళు మాలో ఎవరూ లేరు. నాతో సహా.

ఇంకొకరు అన్నమాట నన్ను బాగా గుచ్చింది. ఇంట్లో పనిచేసే అమ్మాయి. "మా పిల్లలు రోజూ రైల్లోనే కదా మేడం పోయేది, మీరు పనిగట్టుకుని పోతారా?" అంది నవ్వుతూ. నిజమే. ఆ అమ్మాయి పిల్లలకి మాల్ కొత్త, నా కొడుక్కి రైలు కొత్త. అందుకే నేను దీన్ని ఏదో మహా గొప్ప పెంపకంలా చెప్పడం లేదు. ఊళ్ళో సగంమందికి మామూలు బతుకైనది మనవాడికి విహారయాత్ర అయిందంటే, మనం ఎంత దూరం జరిగిపోయామో చూసుకోవాలని అంటున్నాను, అంతే.

మాది నరసరావుపేట. చిన్నప్పుడు ఆదివారం మా నాన్న సైకిలు ముందు కూర్చోబెట్టుకుని తిప్పేవారు. రైసు మిల్లు, గేటు దగ్గర గుంటూరు వెళ్ళే పాసింజరు, శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు. ఒక్కటీ నాకోసం కట్టింది కాదు. పిల్లల కోసం అని బోర్డు పెట్టిన చోటే మా ఊళ్ళో నాకు గుర్తులేదు. ఊరు తన పని తను చేసుకుంటుంటే మేము పక్కన నిలబడి చూసేవాళ్ళం. ఇప్పటికీ ఎవరైనా "మీదే ఊరండీ" అంటే నరసరావుపేట అంటాను, మా ఆయన జనగామ అంటాడు. మన ఆఫీసుల్లో ఎవరిని అడిగినా అంతే, తెనాలి, కరీంనగర్, కాకినాడ. హైదరాబాదు మనకి ఒక పోస్టింగు. సరే, మనకి ఒక ఊరుంది, సెలవులకి వెళ్ళొస్తాం. మరి మావాడికి? వాడు ఇక్కడే పుట్టాడు. రేపు వాణ్ణి ఎవరైనా మీదే ఊరు అని అడిగితే హైదరాబాదు అనాలి. వాడికి ఆ ఊళ్ళో తెలిసింది ఒక లిఫ్టు, ఒక స్కూలు బస్సు, నాలుగు మాల్స్. ఆ నాలుగు మాల్స్ బెంగుళూరులోనూ ఉంటాయి, దుబాయిలోనూ ఉంటాయి. మనం అద్దెకి ఉన్నట్టు ఉంటే మన ఇష్టం. వాడి సొంతూళ్ళో వాణ్ణి అద్దెకి ఉంచుతున్నాం చూడండి, అదే నాకు మింగుడుపడటం లేదు.

దీనికి మనవాళ్ళ పరిష్కారం ఏమిటంటే, క్లాసులు. శనివారం అబాకస్, ఆదివారం రోబోటిక్స్. నాలుగేళ్ళ వాడికి కోడింగ్ నేర్పిస్తామని నాకే ఫోన్లు చేస్తారు. అయ్యా, నేను రోజుకి పది గంటలు అదే చేస్తాను, అందులో ఏముందో నాకు తెలుసు, అది పాతికేళ్ళప్పుడు నేర్చుకున్నా వస్తుంది. చింతచెట్టు ఎక్కిన 150 మంది కథ వినాల్సిన వయసు మాత్రం పాతిక కాదు.

అన్నీ బాగా జరిగాయని అనుకోకండి. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి తెల్లారకుండా తీసుకెళ్తే తొక్కిసలాటకి జడిసి ఏడ్చాడు, ఐదు నిమిషాల్లో బయటికొచ్చేశాం. అమీన్‌పూర్ చెరువుకి వెళ్ళాం, మాకు దగ్గరే. 2016లో దానికి జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం అని గుర్తింపు వచ్చింది. ఊళ్ళ మధ్యనున్న చెరువుకి అలాంటి గుర్తింపు దేశంలో అదే మొదటిసారి. నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంటే మావాడు చాలాసేపు చూశాడు, తనూ చేతులు చాపి నిలబడ్డాడు. ఆ రాత్రి వాడికి జ్వరం. దానికీ చెరువుకీ సంబంధం లేదని డాక్టరు అన్నాడు గానీ మా అత్తగారు ఒప్పుకోలేదు. "పసివాణ్ణి గుట్టలూ మురికి కాలవలూ తిప్పుతున్నావు, నలుగురిలా చల్లగా ఏసీలో తిప్పొచ్చుగా" అన్నారు. రెండు రోజులు మాట్లాడలేదు. నాకూ భయమేసింది, దాచడమెందుకు. తర్వాతి ఆదివారం ఎక్కడికీ వెళ్ళలేదు.

ఆ ఆదివారం సాయంత్రం ఆవిడే వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని గడియారం తాత కథ చెప్పించుకుంటున్నారు. వాడు తన వెర్షను చెప్పాడు: తాత తలుపేసుకుని లోపల ఇడ్లీ తింటాడట, మళ్ళీ టైమవుతోందని కమ్మరి సుత్తితో కొట్టి గుర్తుచేస్తాడట. ఆవిడ కాసేపాగి, "నిజంగా ఉందా అలాంటి గడియారం? నేను హైదరాబాదొచ్చి ఐదేళ్ళు, చూడనే లేదు" అన్నారు. మిమ్మల్ని ఎవరూ తీసుకెళ్ళలేదు అత్తయ్యా అనబోయి ఊరుకున్నాను. తీసుకెళ్ళాల్సినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఈ ఆదివారం ఆవిడ కూడా వస్తున్నారు. మోకాళ్ళ నొప్పులు కాబట్టి గుట్టలు వద్దు, గడియారమే. పులిహోర కలుపుతానన్నారు. బాత్రూము సంగతి మా ఆయన్ని ముందే కనుక్కోమన్నాను, ఈసారి అది అతని డిపార్టుమెంటు.